ఇసుక మీద అక్షరం, తెర మీద పాఠం

మద్రాసు నగరంలోని ఎగ్మూరులో ఐరోపా సైనికుల అనాథ బాలుర కోసం ఒక శరణాలయం ఉండేది. 1789లో దాని పర్యవేక్షణ భారం డాక్టర్ ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుని మీద పడింది. ఒకనాటి ఉదయం గుర్రం మీద షికారు వెళుతున్న ఆయన కంట ఒక వీధిబడి పడింది. పిల్లలు ఇసుక పరచిన నేల ముందు కూర్చుని వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. బెల్ వెనుదిరిగి వచ్చి శరణాలయంలోనూ అలాగే నేర్పవలసిందని కింది తరగతి ఉపాధ్యాయుణ్ణి ఆదేశించాడు. అది అయ్యే పని కాదని ఉపాధ్యాయుడు తేల్చి చెప్పాడు. చివరకు బెల్ ఆ పనిని జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ విద్యార్థికి ఒప్పగించాడు. పెద్దవాడు కాదన్న పనిని పిల్లవాడు చేసి చూపాడు. 1797లో బెల్ లండనులో ప్రచురించిన చిన్న పుస్తకం ద్వారా ఆ ప్రయోగం ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరుతో ఇంగ్లండు బడులలో వ్యాప్తి చెందింది.

కొత్త ఉపకరణం తరగతి గదిలోకి వచ్చినప్పుడల్లా పెద్దలు జంకడం, పిల్లలు చొరవ చూపడం అప్పటి నుంచీ ఉన్నదే. నేటి పాఠశాలల్లో కంప్యూటరు మొరాయిస్తే ఉపాధ్యాయుడు పిలిచేది తొమ్మిదో తరగతి కుర్రవాణ్ణే. అయితే ఆ ఉదంతంలో అంతకన్న ముఖ్యమైన అంశం ఇసుకది. ఇసుక చవక, అరగదు, చెరిపితే చెరిగిపోతుంది. వీటన్నిటికీ మించి, పిల్లవాడి వేలు ఎటు తిరిగిందో పక్కన నిలుచున్న వారికి ఆ క్షణంలోనే కనబడుతుంది. తప్పు దాగడానికి అక్కడ చోటు లేదు.

తెలుగునాట వీధిబడుల గురించి దొరికే ప్రభుత్వ పత్రాలలో బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న పంపిన నివేదిక విలువైనది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో విద్యా పరిస్థితులపై జరిపించిన విచారణకు అది సమాధానం. కాంబెల్ తెలుగు వ్యాకరణం, తెలుగు నిఘంటువు రచించినవాడు కనుక విన్నదీ చూసిందీ అర్థం చేసుకోగల అధికారి. అతని లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు. ఇసుకలో దిద్దించే పద్ధతిని, పై పిల్లలు కింది పిల్లలకు చెప్పే ఏర్పాటును, దాని పొదుపును అతడు మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీనిని అనుకరించడం సముచితమే అన్నాడు. ఆ వెంటనే ఒక లోపాన్ని కూడా ఎత్తి చూపాడు. బడిలో చదివే పుస్తకాలు పద్యరూపంలో, వాడుక మాటకు దూరమైన భాషలో ఉన్నాయి. పిల్లలు వాటిని గడగడ అప్పగిస్తారు. అర్థం మాత్రం తెలియదు. అక్షరం నేర్పడంలో అంత నేర్పు గల బడి, అర్థం దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసింది.

ఈ రెండు మాటలనూ ఒకే అధికారి ఒకే నివేదికలో రాయడం నేటి చర్చకు ఎంతో ఉపకరిస్తుంది. డిజిటల్ బోధన గురించి మాట్లాడేవారు సాధారణంగా మొదటి సగం మాత్రమే చెబుతారు.

నల్లబల్ల వచ్చిన తరువాత తరగతి స్వరూపం మారింది. ఒకే పాఠాన్ని అరవై మంది ఒకేసారి చూడగలిగారు. అందుకు చెల్లించిన మూల్యం ఏమంటే, ఉపాధ్యాయుడు పిల్లల వేళ్ళ వైపు కాక బల్ల వైపు తిరిగి నిలుచోవలసి వచ్చింది. పాఠం ముగిశాక ఆయన వెనుదిరిగి ‘అర్థమైందా?’ అని అడుగుతాడు. ‘అయింది సార్!’ అని తరగతి ఒక్క గొంతుతో పలుకుతుంది. తెలుగు నేల మీద ఏ బడిలోనైనా, ఏ పాఠం చివరనైనా వినిపించే సమాధానం ఇది. అర్థం కాని పిల్లలు ఆ బృందగానంలో మరింత బిగ్గరగా గొంతు కలుపుతారని అనుభవం గల ఉపాధ్యాయులందరికీ తెలుసు. ‘కాలేదు’ అని ఒంటరిగా పలకడానికి పన్నెండేళ్ళ పిల్లకు కావలసిన ధైర్యం తక్కువది కాదు.

దూరదర్శన పాఠం ఈ బృందగానాన్ని కూడా అనావశ్యకం చేసింది. ఢిల్లీలో 1961 అక్టోబరు 24న మాధ్యమిక పాఠశాలలకు టెలివిజన్ పాఠాలు ఆరంభమయ్యాయి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సాగిన ఉపగ్రహ బోధనా ప్రయోగం, అంటే ‘సైట్’, ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. అమెరికా అంతరిక్ష సంస్థ ఒక్క ఏడాదికి అరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. తెలుగు కార్యక్రమాల రూపకల్పనకు హైదరాబాదులో ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. ఉదయం పూట బడిపిల్లలకు కేటాయించిన గంటన్నర కాలాన్ని హిందీ, ఒరియా, కన్నడ, తెలుగు భాషలు పంచుకోగా ఒక్కొక్క భాషకు దక్కినది ఇరవై రెండున్నర నిమిషాలు. కరెంటు దీపం కూడా సరిగా చూడని ఊళ్ళలో పిల్లలు ఆ పెట్టె ముందు కూర్చుని సముద్రాన్ని చూశారు. కొలంబోలో నివసించిన ఆర్థర్ సి. క్లార్క్‌కు కూడా భారత అంతరిక్ష సంస్థ ఒక గ్రాహక యంత్రాన్ని అమర్చి పెట్టింది. భూస్థిర ఉపగ్రహాల ద్వారా ప్రసారాలు సాధ్యమని 1945లోనే రాసిన రచయితకు అంతకన్న తగిన కానుక ఉండదు.

సైట్ సాధించిన వాటిలో అంతగా ప్రచారం పొందనిది ఉపాధ్యాయ శిక్షణ. సెలవు దినాలలో ఉపగ్రహ ప్రసారం ద్వారా సుమారు 50 వేల మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞాన శాస్త్ర బోధనలో తర్ఫీదు ఇచ్చారు. పెట్టె పిల్లలకు పాఠం చెప్పడం కన్న, పాఠం చెప్పేవారికి తోడు నిలవడమే దానికి నప్పిన పని అని అప్పుడే గ్రహించవలసింది. ఏడాది గడిచాక ఉపగ్రహం తిరిగి వెళ్ళిపోయింది. పిల్లలు మళ్ళీ నల్లబల్ల వైపు తిరిగారు.

ఆ తరువాతి చరిత్ర తొందరగా చెప్పుకోదగినదే. 1984–85లో ‘క్లాస్’ పథకం కింద సుమారు 250 పాఠశాలలకు బ్రిటిషు తయారీ బీబీసీ కంప్యూటర్లు వచ్చాయి. పిల్లలు తాకకుండా తాళం వేసిన గదులలో దుమ్ము కప్పుకున్న యంత్రాలు ఆ తరంవారందరికీ గుర్తే. 2004 సెప్టెంబరు 20న విద్య కోసమే ప్రత్యేకంగా ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. దూరాన ఉన్న విద్యార్థి తిరిగి ప్రశ్న అడిగే వీలు కల్పించడం దానిలోని విశేషం. 2010లో దాని సేవలు ముగిశాయి. 2017లో దీక్ష వేదిక వచ్చింది. పాఠ్యపుస్తకాల పుటల మీద చదరపు సంకేతాలు వెలిశాయి. ఫోనుతో వాటిని చూస్తే పాఠం తెర మీదికి వస్తుంది.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. కేరళ జూన్ 1నే విక్టర్స్ ఛానల్‌లో ‘ఫస్ట్ బెల్’ మోగించింది. సామగ్రి పరంగా దేశం ఎక్కడ ఉన్నదో అప్పుడు బయటపడింది. 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు గలవి 4.4 శాతం, అంతర్జాల సదుపాయం గలవి 14.9 శాతం మాత్రమే. ఫోన్ల సంగతి కొంత మెరుగు. బడిలో పేరున్న గ్రామీణ బాలలలో స్మార్ట్ ఫోను ఉన్న ఇళ్ళవారు 2018లో 36.5 శాతం కాగా 2020 నాటికి 61.8 శాతం అయ్యారని ‘అసర్’ సర్వే తేల్చింది. ఇంట్లో ఫోను ఉండడం, పిల్ల చేతిలో ఫోను ఉండడం ఒకటి కాదు. తండ్రి పనికి పోతే ఫోనూ పనికి పోతుంది. అన్నకు, చెల్లెలికి ఒకే వేళ తరగతి ఉంటే ఫోను ఎవరికి దక్కుతుందో చెప్పనక్కరలేదు.

ఆ కరువు కాలంలోనే, ఎవరూ ప్రణాళిక వేయని ఒక మార్పు జరిగింది. ఆదోని ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గణితోపాధ్యాయుని ఉదాహరణ చూడవచ్చు. 1953 వరకు ఆదోని బళ్ళారి జిల్లాలోదే. కాంబెల్ లెక్కించిన 533 బడులలో ఈ చుట్టుపట్ల ఊళ్ళవి కూడా ఉన్నాయి. ఈ ఉపాధ్యాయుడు ఫోనులో ఒక వాట్సాప్ బృందం ఏర్పరచి రోజుకు నాలుగు లెక్కలు ఇచ్చేవాడు. పిల్లలు నోటు పుస్తకంలో చేసి, ఆ పుటను ఫొటో తీసి పంపేవారు. తండ్రులు ఇంటికి చేరిన తరువాత, రాత్రి ఎనిమిది దాటాక, ఆ పుటలు ఒక్కొక్కటిగా వచ్చేవి. మూడు బై నాలుగుకు ఒకటి బై రెండు కలిపితే నాలుగు బై ఆరు అని తొమ్మిదో తరగతి పిల్లలు పలువురు రాశారు. ఒకరిది చూసి ఒకరు రాసిందీ కాదు. పై అంకెలు పైన, కింది అంకెలు కింద కలిపివేయడం అయిదో తరగతిలో మొలిచిన పొరపాటు. నాలుగేళ్ళుగా అది ప్రతి పాఠం చివరా ‘అయింది సార్’ అంటూ పై తరగతికి నడిచి వచ్చింది. తరగతి గదిలో ఇన్నేళ్ళుగా కనబడనిది అరచేతిలోని చిన్న తెర మీద కనబడింది. ఎగ్మూరు ఇసుక చేసిన పని అదే.

తెర పాఠాన్ని అద్భుతంగా చూపగలదు. దాని అసలు శక్తి మాత్రం, పాఠం ఏ పిల్లలో ఎక్కడ ఆగిపోయిందో ఉపాధ్యాయునికి చూపడంలో ఉంది. ప్రభుత్వాలు ఇన్నేళ్ళుగా వెచ్చించిన ధనంలో అత్యధిక భాగం మొదటి పనికే పోయింది.

దీనికి ఢిల్లీలో జరిగిన ఒక అధ్యయనం బలం చేకూరుస్తుంది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు మైండ్‌స్పార్క్ అనే బోధనా కార్యక్రమాన్ని పరీక్షించి, ఫలితాలను 2019లో ప్రకటించారు. బడి వేళల తరువాత ప్రత్యేక కేంద్రాలలో పిల్లలు ముప్పావు గంట కంప్యూటరు ముందు, మరో ముప్పావు గంట చిన్న బృందంగా బోధకుని వద్ద గడిపారు. కంప్యూటరు తొలుత ఆ పిల్ల నిజంగా ఏ మెట్టు మీద ఉన్నదో తెలుసుకుని అక్కడి నుంచి లెక్కలు ఇచ్చింది. నాలుగున్నర నెలలలో గణితంలోనూ, హిందీలోనూ చెప్పుకోదగిన ప్రగతి కనిపించింది. అధికారులు దీర్ఘంగా ఆలోచించవలసినది ఆ ప్రగతికి ముందున్న పరిస్థితి గురించి. ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారు. తరగతి పెరిగే కొద్దీ ఆ దూరమూ పెరిగింది. పుస్తకం ఒక తరగతిది, పిల్లలు నాలుగైదు తరగతుల వారు. ఆ పుస్తకాన్ని ఎంత వెలుగు గల తెర మీద ప్రదర్శించినా సగం మంది తల మీదుగానే పోతుంది.

తెరను చులకన చేయడం మాత్రం అన్యాయం అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ‘నాడు–నేడు’ కింద బాగుపడిన బడులలో 2023 నుంచి ఉన్నత తరగతులకు పెద్ద డిజిటల్ బోర్డులు అమర్చారు. చరిత్ర పాఠానికి అవి చేసిన మేలు మాటలతో తీరేది కాదు. అమరావతి మహాచైత్యం పేరు తెలుగు పిల్లలందరూ పరీక్షలో రాస్తారు. దాని శిల్పాలు చాలా వరకు తెలుగు నేల మీద లేవు. పద్దెనిమిదో శతాబ్దపు చివరలో కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పాలను మద్రాసుకు తరలించాడు. 1859లో వాటిలో కొన్ని ఓడ ఎక్కి లండను చేరాయి. నేడు అవి బ్రిటిష్ మ్యూజియంలోను, చెన్నై మ్యూజియంలోను ఉన్నాయి. తరతరాలుగా ఈ పాఠం పుస్తకంలోని మసక బొమ్మ సాయంతోనే నడిచింది. ఇప్పుడు కృష్ణ ఒడ్డున ఉన్న బడిలోని పిల్ల ఆ పలకను తెర మీద రెండు వేళ్ళతో పెద్దది చేసి, స్తూపం అంచున చెక్కిన పూలదండను, దానిని మోస్తున్న మనుషుల ముఖాలను దగ్గరగా చూస్తుంది. ఆ రాళ్ళు ఇక్కడ ఎందుకు లేవని అడుగుతుంది. చాక్‌పీసుతో ఆ ప్రశ్న పుట్టించడం కష్టం.

విజ్ఞాన శాస్త్రంలో సంగతి కొంత వేరు. గుండె కొట్టుకునే తీరును చక్కని బొమ్మలతో చూసిన తరగతి ఆనందంతో చప్పట్లు కొడుతుంది. మరునాడు బొమ్మ గీయమంటే చేతులు ఆడవు. చూసిన దానిని వచ్చినదిగా భ్రమించడం పిల్లలకే పరిమితమైన బలహీనత కాదనుకోండి.

భాష విషయంలో కాంబెల్ ఫిర్యాదు రెండు వందల ఏళ్ళ తరువాత కూడా పాతబడలేదు. వీడియో పాఠాలలోని తెలుగు చాలా తరచుగా ఆంగ్లం నుంచి దింపిన తెలుగు. క్రియ ఒక చోట, కర్త ఒక చోట పడి ఉంటాయి. ఆదోని పిల్ల ఇంట్లో మాట్లాడేది కన్నడం కలిసిన తెలుగు. అరకు లోయలోనో, ఉట్నూరులోనో బడికి వచ్చే పిల్లది మరొక భాష. బడిలోని ఉపాధ్యాయుడు వాక్యం మధ్యలో ఆగి, ఊరి మాట ఒకటి దొర్లించి, ముందుకు సాగుతాడు. తెర ఆగదు. ఆపితే ఆగుతుంది, కాని ఎప్పుడు ఆపాలో దానికి తెలియదు. 2022లో ఆరంభమైన భాషిణి వంటి యంత్రానువాద ప్రయత్నాలు ఈ అంతరాన్ని కొంత తగ్గించవచ్చు. మండలానికొక నుడికారం గల భాషకు అవి ఎంతవరకు అందివస్తాయో బడులలోనే తేలాలి.

ఆదోని పరిసర గ్రామాలకు సుగ్గి మరొక సమస్య. ఖరీఫ్ పంట చేతికి వచ్చీ రాకముందే కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపు వలస పోతాయి. అవ్వ దగ్గర ఉండిపోయే పిల్లలు కొందరు, వెంట వెళ్ళే పిల్లలు కొందరు. 2022 డిసెంబరులో రాష్ట్రంలోని ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంపిణీ అయ్యాయి. అంతర్జాలం లేకపోయినా చూడగలిగేలా పాఠాలను అందులోనే నింపి ఇచ్చారు. సుగ్గికి వెళ్ళే పిల్ల మూటలో బట్టలతో పాటు తొలిసారిగా బడి కూడా ప్రయాణించగల అవకాశం ఏర్పడింది. ఇది చిన్న విషయం కాదు. కాని మిరప తోట పక్కన గుడిసెలో, రోజంతా కాయ కోసి ఘాటెక్కిన వేళ్ళతో ఆ పిల్ల తెరను తాకినప్పుడు, ‘ఇక్కడ తప్పావమ్మా’ అని చెప్పేవారు ఎవరూ ఉండరు. వేసవికి తిరిగి వచ్చేసరికి ఆమె వీడియోలు చూసి ఉండవచ్చు. ఏది వచ్చిందో, ఏది రాలేదో ఆమెకూ తెలియదు, బడికీ తెలియదు.

2022 నవంబరు తరువాత వచ్చిన కృత్రిమ మేధా సాధనాలు అడిగిన వ్యాసాన్ని క్షణంలో రాసి ఇస్తున్నాయి. ఉపాధ్యాయులు కలవరపడడం సహజమే. అయితే తెలుగు రాష్ట్రాల్లో గైడు, క్వశ్చన్ బ్యాంకు చూసి రాసే విద్య యంత్రాల కన్న చాలా పాతది. నలభై పుస్తకాలలో ఒకే వాక్యం, ఒకే అక్షరదోషంతో సహా, దర్శనమిచ్చిన రోజులను పదవీ విరమణ చేసిన పంతుళ్ళు నవ్వుతూ చెబుతారు. యంత్రం రాసిన దానిలో అక్షరదోషాలు కూడా ఉండవు. వచ్చిన తేడా అంతే.

ఇక్కడ ఉపాధ్యాయుని కాలం గురించి చెప్పక తప్పదు. బడికి తెర వచ్చినప్పుడు దాని వెంట యాప్‌లూ వచ్చాయి. హాజరు ఒక యాప్‌లో, మధ్యాహ్న భోజనం మరొక దానిలో నమోదు కావాలి. ఒక దశలో మరుగుదొడ్ల శుభ్రత ఫొటోలు కూడా ఉపాధ్యాయులే పంపవలసి వచ్చింది. సిగ్నలు అందక డాబా ఎక్కి ఫోను ఎత్తి పట్టుకున్న ప్రధానోపాధ్యాయులను పల్లెలలో ఎవరైనా చూసే ఉంటారు. పిల్లల తప్పులను చూడడానికి ఉపకరించగల సాధనమే, ఆ తప్పులు చూసే తీరికను హరించడం విచిత్రం.

ఆదోని ప్రాంతపు గణితోపాధ్యాయుడు బడులు తెరిచాక ఆ రాత్రుల అలవాటు మానలేదు. వారానికి ఒకసారి పిల్లలందరి నోటు పుస్తకాల నుంచి ఒక్కొక్క పుట ఫొటో తీసుకుని, ఇంటి వద్ద వరుసగా చూస్తాడు. తప్పు తీరును బట్టి పిల్లలను మూడు గుంపులు చేస్తాడు. పాఠం పట్టుబడినవారు డిజిటల్ బోర్డు ముందు కూర్చుని తమంతట తాము ముందుకు సాగుతారు. మధ్య గుంపు వారికి ట్యాబులలో లెక్కలు ఇస్తాడు. భిన్నాల వద్ద ఆగిపోయినవారిని, సుగ్గి నుంచి తిరిగి వచ్చినవారితో కలిపి వరండాలోకి తీసుకుపోయి, నేల మీద చాక్‌పీసుతో రొట్టెలు గీసి ముక్కలు చేయిస్తాడు. ‘కాలేదు సార్’ అనే మాట ఆ వరండాలో తరచుగా వినిపిస్తుంది.

అయితే అది తొమ్మిదో తరగతి పీరియడు. ఆ నెలలో సరళ సమీకరణాలు ముగియాలి. పై ఏడాది పబ్లిక్ పరీక్ష ఉంది. 2020 జాతీయ విద్యా విధానం, 2021లో వచ్చిన నిపుణ్ భారత్ కార్యక్రమం పునాది గణితానికి ప్రాధాన్యం ఇచ్చాయి గాని, నిపుణ్ దృష్టి మూడో తరగతి వరకే. ఆ వయసు దాటిపోయిన పిల్లలకు తొమ్మిదో తరగతిలో అయిదో తరగతి భిన్నాలు చెప్పడానికి వారానికి ఎన్ని పీరియడ్లు వాడవచ్చో ఏ ఉత్తర్వూ ఆయనకు చెప్పలేదు. తనిఖీకి వచ్చే అధికారి చూసే పుస్తకంలో ‘పూర్తయిన పాఠం’ అని ఒక గడి ఉంది. ‘డిజిటల్ బోర్డు వినియోగించిన గంటలు’ అని మరొక గడి ఉంది. వరండాలో జరిగిన పనిని రాయడానికి గడి లేదు. ఉపాధ్యాయుడు కొంతసేపు ఆలోచించి, మొదటి గడిలో ‘పునశ్చరణ’ అని రాసి సంతకం చేశాడు.